గోవాకి పోయిన దెయొలిందా రుమాలు

"నా రుమాలు ఏది?" అంది దెయొలిందా, వాళ్ల నాన్న బెల్మీరు వైన్ కొట్లో, అందరి ముందూ.

ఆమెని చేసుకోబోయే అదెలీను గోవాలో ఇండియాతో యుద్ధంలో ఓడి, అక్కడ ఖైదులో ఉండి, ఇప్పుడే మా పోర్చుగల్ పల్లెకి తిరిగొచ్చాడు. మా దగ్గర పిల్ల ఎర్రదారంతో గుండె బొమ్మలు కుట్టిచ్చిన తెల్ల రుమాలు పిల్లోడు మెళ్లో కట్టుకు తిరగాలి, లేదంటే పెళ్లి మాట పోయినట్టే. వీడి మెడేమో బోసి! పైగా చేతులెత్తినోడికి పిల్లనివ్వనని బెల్మీరు ముందే చెప్పేశాడు.

అదెలీను గిన్నెడు వైన్ గటగటా తాగాడు.

"రుమాలా? గోవాలో మన పరువు కాపాడిందే అది! లిస్బన్ నుంచి ఒకటే ఆర్డరు, చచ్చేదాకా కొట్టండి, లొంగొద్దని. వాళ్లకేం, కుర్చీలో కూర్చుని చెప్తారు. మా తుపాకులేమో తాతల నాటివి. తెల్లారేసరికి ఇండియా విమానాలు గుయ్యిమన్నాయి. కెప్టెన్ కాలికి దెబ్బ. రుమాలు కట్టా, రక్తం టక్కున ఆగింది!"

"సరే, ఇది నమ్మొచ్చు," అన్నాడు బెల్మీరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా మావయ్యా? ట్యాంకొచ్చింది, మన చర్చంత! రుమాలు ఉండచుట్టి దాని గొట్టంలో కుక్కేశా. పేల్చాడు. గుండు లోపలే గిరగిరా తిరిగేసరికి ట్యాంకు తుమ్మింది! తుమ్మిన ఊపుకి వెనక్కి బొంబాయిదాకా పోయింది!"

"రుమాలు చిరగలేదా?" అడిగాడు బెల్మీరు.

"కుట్టిందెవరు మరి! అసలు కథ ఇప్పుడు వినండి. మన ఓడ మునిగిపోతోంది, రుమాలే తెరచాప కట్టా. ఓడ గాల్లోకి లేచింది! విమానం పైలట్ నాకు సెల్యూట్ కొట్టి, అన్నా నువ్వుంటే మేం గెలవలేం అన్నాడు. అట్లా వారం రోజులు ఒక్కణ్ణే..."

"రెండ్రోజులకే అయిపోయిందిగా? రేడియోలో విన్నాం!" అన్నాడు కొట్లో ఒకడు.

"మిగతావాళ్లకి అయిపోయింది! నాకెవడూ చెప్పలా!"

"రుమాలు ఏది?" మళ్లీ అడిగింది దెయొలిందా.

"నేను చెప్తానమ్మా," అని మూల నుంచి లేచాడు జెఫెరీను. కొండవతల ఊరోడు, మేకల బేరానికొచ్చాడు. వాణ్ణి చూడగానే అదెలీను తలొంచుకున్నాడు.

"మేమిద్దరం ఒకే కందకంలో ఉన్నాం. ట్యాంకూ లేదు, ఓడా లేదు. తూటాలైపోయాయి. కెప్టెన్ కదలొద్దన్నాడు. మేమంతా అమ్మా అని ఏడుస్తున్నాం. వీడు ఆ రుమాలు తుపాకి కొసకి కట్టి పైకెత్తాడు. కెప్టెన్ పిస్టల్ తీసి వీడి కణతకి ఆనించాడు. దించరా అని అరిచాడు. వీడు దించలా. అవతల కాల్పులాగాయి. రుమాలు అక్కడే పోయింది, ఆ కందకంలో మాత్రం ఒక్కడూ చావలేదమ్మా."

బెల్మీరు వంచిన కూజా వంచినట్టే ఉంది, వైన్ బల్ల మీద పారుతోంది.

"అంటే... చేతులెత్తినట్టేగా," అన్నాడు చివరికి.

"ఎత్తబట్టే ఇంటికొచ్చాడు నాన్నా." దెయొలిందా దగ్గరికొచ్చింది. అదెలీను కణత మీద వేలు పెట్టి చూసింది. "ఆఫ్రికాలో, అంగోలాలో కూడా మనకి యుద్ధమంట. నిన్ను మళ్లీ పిలుస్తారా?"

వాడు తలూపాడు. ఒక్క కోతా రాలేదు నోట్లోంచి.

"అయితే ఈసారి రుమాలు దుప్పటంత కుడతా."