పొగలుండంగానే

నందికొట్కూరులో ఎరువుల అంగడి వాళ్ల ఇల్లు అది. వంట ఎప్పుడో అయిపోయింది. అంగడి నుంచి మగవాళ్లు వచ్చి తింటే గాని ఆడవాళ్లు కంచం ముందు కూర్చోరు. ఆకలి మరిచిపోదామని కోడలు ఫోన్లో జపాన్ సీరియల్ పెట్టుకుంటే, అత్త పక్కన చేరింది.

“ఏమ్మే, ఇందాకట్నుంచి ఆయమ్మ తింటానే ఉండాదే. కొట్లాట యాడ?”

“కొట్లాట ఉండదత్తా. పని అయినాక ఒగతే హోటలుకు పోతాది, తింటాది. అంతే కత.”

“ఇదొక సీరియలా! మన దాంట్లో అయితే ఈపాటికి ఎవరికో విషం పెట్టింటారు.”

“అందుకే నాకివి ఇష్టం. మనవి ఏండ్లకేండ్లు ఏడిపిస్తాయి. ఇవి పది భాగాల్లో మర్యాదగా అయిపోతాయి. ఆ గిన్నెలో పొగ గూడ ఎంత నిదానంగా చూపిస్తాండారో చూడు.”

అత్త కళ్లద్దాలు సవరించుకుంది.

“ఆయమ్మకు మొగుడు లేడా?”

“ఉండాడో లేడో, ఆడ ఎవరూ అడగరు.”

“ఎవరికీ వడ్డించకుండానే కూచునిందా?”

“ఆమెకే వడ్డిస్తాండారు గదా.”

అత్త ఫోన్ మీదికి ఇంకొంచెం వంగింది.

“పొగలుండంగానే తింటాంది,” అంది చిన్నగా.

ఆ గొంతు విని కోడలికి ధైర్యం వచ్చింది. “మనం గూడ ఇంత పెట్టుకుందామా అత్తా?”

అంతలో అంగడి నుంచి ఫోన్ వచ్చి బొమ్మ ఆగిపోయింది. రైతులు వచ్చినారంట, ఇంకో గంట పడుతుందంట.

అత్త లేచి వంటింట్లోకి పోయింది. కంచాల చప్పుడు కోసం కోడలు చెవులు రిక్కించింది. అన్నం గిన్నె మీద మూత సరిచేసిన చప్పుడు వినిపించింది.

అత్త తిరిగొచ్చి కూర్చుంది.

“ఆయమ్మ తినేది మళ్లా మొదట్నుంచి పెట్టు.”