టైలరమ్మకు కొలతలు

బళ్ళు బాగుచేసే షెడ్డులో, స్టాండు వేసిన మోటార్ సైకిల్ మీద టైలరమ్మ కూర్చుని ఉంది. హ్యాండిల్ దగ్గర మెకానిక్, పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఆమె భర్త. ముగ్గురిలో ఎవరికీ స్థిమితం లేదు.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"హాయిగా ఉంది."

"ఇందాక పొట్టి రైజర్లు పెట్టినప్పుడూ హాయిగానే ఉందన్నారు."

"అప్పుడూ హాయిగానే ఉంది, ఇప్పుడూ హాయిగానే ఉంది. ఉండకూడదా?"

"అసలు రైజర్లే లేకుండా పాత హ్యాండిల్ పట్టుకోమంటే కూడా అదే మాటన్నారు."

"అన్నాను. అయితే?"

"అయితే మరి నా దగ్గరికెందుకొచ్చినట్టమ్మా?"

"అదీ ప్రశ్నే."

"మీరూరుకోండి. మిమ్మల్నెవరూ అడగలేదు. చూడ్డానికొచ్చారు, చూడండి."

"చూస్తూనే ఉన్నానే."

"అమ్మా, రైజరంటే పెద్ద విద్యేం కాదు. హ్యాండిల్ కింద ఈ దిమ్మలు పెట్టి బిగిస్తాం. హ్యాండిల్ పైకి లేస్తుంది, మనిషి వంగక్కర్లేదు. ఎంత లేపాలన్నది మాత్రం మీరే చెప్పాలి. బండి నడిపే చేతులు నావి కాదుగా."

"అన్నిటికన్నా ఎత్తుది పెట్టెయ్. పీడా పోతుంది."

"అది పెడితే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బ్రేకు పైపు లాగేస్తుంది. ఇదిగో చూడండి, ఎంత బిర్రుగా అయిందో. పైపు కూడా మార్చాలి."

"మార్చు."

"మార్చడం ఎంతసేపు. అవసరమా అని. ఒక్కసారి కళ్ళు మూసుకోండి. రెండు చేతులూ ముందుకు చాచండి. హ్యాండిల్ కోసం వెతక్కండి, చేతులు ఎక్కడ ఆగితే అక్కడే ఉంచండి."

"ఉంచాను."

"కొత్తగా బండి కొన్న కుర్రాడిలా చాచారేంటమ్మా? అంత ముందుకా? భుజం లాగట్లేదూ?"

"లాగట్లేదు."

"మెడ?"

"మెడా లాగట్లేదు, నడుమూ లాగట్లేదు. ఇంకేం పేరు చెప్పినా అదే చెప్తాను. ఊరికే అడక్కు."

"ఏంటి సార్, అమ్మ ఇలా మాట్లాడుతున్నారు?"

"మా ఇంట్లో ఒక ఒప్పందం ఉందిలే బాబూ."

"ఇంటి గొడవ షెడ్డులో ఎందుకండీ."

"చెప్పనీవే. పాపం, అతను దిమ్మలు మార్చీ మార్చీ అలిసిపోతున్నాడు. మా అమ్మాయి వాళ్ళమ్మతో పోట్లాడింది బాబూ. ఈ వయసులో బట్టల మూట కట్టుకుని, బడి బడికీ తిరిగి, పిల్లల యూనిఫారాలకి కొలతలు తియ్యడమేంటి, బండి దిగమ్మా అని. ఈవిడ కోపంలో మాటిచ్చేసింది. బండి మీద నాకు నొప్పి అని ఏ రోజు నా నోటితో అంటానో ఆ రోజే అమ్మేస్తానని."

"ఇచ్చాను. ఇంతవరకూ అన్నానా?"

"అనలేదు."

"అదే చెప్పండి అమ్మాయికి. ఈయన్ని కాపలా పంపింది బాబూ, మెకానిక్ దగ్గర నోరు జారతానేమోనని."

"కాపలా అని కాదు..."

"మరేంటి? ఇక్కణ్ణుంచే ఫోన్ చెయ్యమందా, లేదా?"

"అంది."

"మీరేమన్నారు?"

"ఉన్నదున్నట్టు చెప్తానన్నాను. దానికి అబద్ధం చెప్పి నేను నెగ్గుకురాలేను. గొంతు విని పట్టేస్తుంది."

"అంటే... నొప్పి ఉందన్నమాట."

"నేనలా అన్నానా బాబూ?"

"అనలేదమ్మా."

"సాక్షి కూడా ఉన్నారు, అడుగు."

"అనలేదు, అనలేదు. ఏమే, పొద్దున్నే ఖాళీ కడుపు మీద ఆ మాత్ర వేసుకొచ్చావు, మంటగా ఉందేమో, కాసిని నీళ్ళన్నా తాగు."

"ఏం మాత్ర సార్?"

"ఆయన్నెందుకడుగుతావు, ఏదో బలానికి బాబూ. నువ్వు పని చూడు."

"బలానికా? డాక్టరు మరీ ఓర్చుకోలేనప్పుడే వేసుకోమన్న పెద్ద మాత్ర..."

"మీ నోటికి తాళం ఉండదా అసలు?"

"అయ్యో అమ్మా. అయితే ఇంతసేపూ మనం చేసిందంతా దండగే. మాత్ర మింగి కూర్చున్న మనిషికి ఏ హ్యాండిలైనా ఒకటే. ఇప్పుడు మీరు చెప్పిన ఎత్తుకి బిగిస్తే, మాత్ర పవర్ తగ్గాక నన్ను తిట్టుకుంటారు."

"తిట్టుకోను. బిగించు."

"నేను బిగించను."

"ఏమే, కొలతిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళని నువ్వేమంటావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ."

"చొక్కా నీకు కుట్టాలా, నువ్వు అవ్వాలనుకునే మనిషికి కుట్టాలా అంటావు. ఆ బడి హెడ్మాస్టారుని పిల్లలందరి ముందూ అనేశావు. ఆయన మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగాను."

"అది చొక్కా. కుట్లు విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. ఇది నా బండి. ఒక్క మాటతో పోతుంది."

"అమ్మా, ఒక్కటి చెప్పండి చాలు. మాత్ర వేసుకోని రోజు, చివరి బడి నుంచి ఇంటికొచ్చేసరికి ఎక్కడ పట్టేస్తుంది? నోటితో వద్దు, చెయ్యి పెట్టి చూపించండి."

"చూపిస్తే అన్నట్టే. సైగలు చేసి మాట తప్పించుకునే రకం కాదు నేను."

"పోనీ, నేనలా రోడ్డు మీద నిలబడి వస్తాను. మీరిద్దరూ మాట్లాడుకోండి. నేను వినకపోతే నాకు తెలియదు. తెలియంది అమ్మాయికి చెప్పక్కర్లేదు."

"కూర్చోండి."

"అది కాదే, నీ మంచికే..."

"కూర్చోండంటున్నానా. నా ఒంట్లో నొప్పిని నేను దొంగ సరుకులా దాచుకోవాలా? ఎండలో తిరిగాను, వానలో తిరిగాను. బట్టల మూట ముందు పెట్టుకుని మిమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని తిరిగాను. ఏ రోజూ ఒకళ్ళని నన్ను కాస్త దింపమని అడగలేదు. ఈ బండి పోతే రేపట్నుంచి ఎవరికి తీరికవుతుందా అని గుమ్మంలో ఎదురుచూస్తూ నిలబడాలి. నాకు దానికే భయం. నిజంగా భయమేస్తోంది. అయినా సరే, విను బాబూ. మీరూ వినండి."

"వింటున్నానే."

"నొప్పి. వీపులో, రెక్కల మధ్య, ఇదిగో ఇక్కడ. కుడి పక్క ఎక్కువ. మెడ కాదు, నడుం కాదు, మణికట్లు కూడా కాదు. హ్యాండిల్ అందుకోడానికి ముందుకి సాగీ సాగీ ఇక్కడ నిప్పు పెట్టినట్టుంటుంది. ఇంటికొచ్చాక చేతులెత్తి జుట్టు ముడేసుకోలేను. ఈయనే వేస్తారు. ఎందుకని ఆయనడగరు, ఇందుకని నేను చెప్పను. ఇప్పుడు చెప్పాను. విన్నారా?"

"విన్నాను."

"ఇంకోసారి అనమంటారా?"

"అక్కర్లేదు."

"అమ్మా, ఈ ముక్క ముందే చెప్పుంటే ఎంత బాగుండేది. మీకు ఎత్తు తక్కువై కాదు, దూరం ఎక్కువై వచ్చిన నొప్పి ఇది. ఆ ఎత్తు రైజర్లు పెట్టినా తగ్గేది కాదు. ఈ జత చూడండి. పైకి కొంచెమే లేస్తుంది కానీ వెనక్కి, మీ వైపుకి వస్తుంది. ఆగండి, పెట్టి చూపిస్తాను... ఆ. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. ఈసారి మీ సొంత చేతులు చాచండి."

"చాచాను."

"ఇంకెవరి చేతులూ కాదుగా?"

"నావేలే."

"కళ్ళు తెరవండి."

"హ్యాండిల్ నా చేతుల్లోనే ఉంది."

"ఎలా ఉంది?"

"హాయిగా ఉందంటే ఇప్పుడు నమ్ముతావా?"

"నమ్ముతాను. పూర్తిగా ఇటు తిప్పండి... అటు కూడా. పైపు వదులుగానే ఉంది, చేతులు ట్యాంకుకి తగలట్లేదు. ఇంక బిగించెయ్యనా?"

"ఎవరి కోసం బిగిస్తావు? కొనుక్కునేవాడి చేతులు ఎంత పొడుగుంటాయో ఏంటో."

"అలా అనకండమ్మా."

"బిగించెయ్. కొన్నవాడికి నచ్చకపోతే వాడే విప్పించుకుంటాడు. అమ్మే రోజు దాకా నేను నిటారుగా కూర్చుని నడుపుతాను. ఏవండీ, అమ్మాయికి ఫోన్ చెయ్యండి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే, నా ముందే. నీళ్ళు నమలకుండా చెప్పండి."

"అంతా చెప్పెయ్యనా?"

"చెప్పెయ్యండి. మాటంటే మాటే."

"హలో... ఆ తల్లీ, నేనే. ఇంకా షెడ్డులోనే ఉన్నాం... ఆ, అంది. నా ఎదురుగానే అంది. నొప్పి అనే అంది, ఎక్కడో కూడా చెప్పింది... లేదు, ఏడవట్లేదు, బండి మీదే కూర్చుంది... తెలుసు తల్లీ, మాటంటే మాటే, నేను కాదన్నానా? కాకపోతే ఆ మాటిచ్చింది మీ అమ్మ. బండి నా పేరు మీద ఉంది. నేనమ్మను."