తల ఉన్న ముక్కే లెక్క

హలో… ఆ, నేనే అన్నయ్యా. ల్యాబ్ ఫోను ఇంకెవరెత్తుతారు?

…చెప్పు. చేతులకి బురదుంది, స్పీకర్లో పెట్టా. …లేదులే, ఎవరూ లేరు. నేనూ, మడుగు అడుగు నుంచి తెచ్చిన బురదా.

…మా ఆఫీసరు నీకు ఫోన్ చేశాడా! ఏమన్నాడు? …పురుగులు రెట్టింపయ్యాయనా? …నీ పంపు నీళ్లు వాటికి బాగా పడ్డాయనా? …ఆహా.

అన్నయ్యా, ఆదివారం ఆయనే స్వయంగా కూర్చుని లెక్కపెట్టాడు. బురద జల్లెడ పడితే పురుగులు తెగుతాయి. తెగితే తల ఉన్న ముక్కే లెక్క. ఆయన తోకలు కూడా లెక్కలో వేసేశాడు. …నవ్వకు. నేను నవ్వలేదు. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టా, మెడ పట్టేసింది.

…చెప్తున్నాగా. నువ్వు వీధుల్లో మురుగు కలిసిన వరద నీళ్లు మడుగులోకి తోడకముందు పంతొమ్మిది రకాలు. నత్తలు, ఆల్చిప్పలు, తూనీగ పిల్లలు… ఇప్పుడొకటే. ఎర్ర పురుగు. అది మురుగులో కూడా హాయిగా బతికేస్తుంది. …ఆ, మిగతావన్నీ పోయాయి. నత్తలకి ఉత్త గుల్లలే.

…"పురుగులేగా" అనకు. వాటిని తినే చేపలు, ఆ చేపల్ని తినే కొంగలు… సరే సరే, ఆపేశా.

…తెలుసు. ఆ రోజు నువ్వు పంపు వెయ్యకపోతే మన వీధి నడుం లోతు మునిగేది. నిన్నెవరు తప్పు పట్టారు? నేనసలే పట్టను.

…విన్నా, రేపు మళ్ళీ తుఫానట. …ఊఁ. పంపు వెయ్యాలా వద్దా అన్నది నా రిపోర్టు చూసే చెప్తారు. అదీ తెలుసు.

…ఏం రాయమంటావ్? ఆఫీసరు లెక్కేనా? తోకలతో సహా? …ఒట్లు పెట్టకు. అమ్మ మీద అసలే వద్దు.

…అరవకు, వినపడుతోంది.

అన్నయ్యా… పొద్దున్నే పంపేశా. …పై ఆఫీసుకి. …తలల లెక్కే. ఇంకోసారి తోడితే ఆ మడుగులో ఇక ఎర్ర పురుగు తప్ప ఏదీ బతకదని రాశా. …అవును. రేపు పంపు వెయ్యనివ్వరు.

…

నాకు మాత్రం భయం లేదా? మునిగేది మన వీధేగా.

…తిట్టు. తిట్టడం అయ్యాక అమ్మని మేడ మీదకి ఎక్కించు. మంచం కాళ్ళు విప్పితేగానీ మెట్ల మలుపులో తిరగదు. బియ్యం డబ్బా వదిన ఒక్కతే ఎత్తలేదు, నువ్వు పట్టు. నేను ఐదింటికల్లా వచ్చి ఓ చెయ్యేస్తా.

…అన్నయ్యా?

…హలో?