దార్కా పళ్ళలో గసగసాలు

మళ్ళీ పరీక్షకి ఏడు వారాలు ఆగాలా! ఏమండీ మేడమ్, ఏడు వారాలని అంత తేలిగ్గా ఎలా అనేశారండీ? పిల్లకి మత్తిచ్చి తలకాయలో ఏముందో చూసే ఫోటో అండీ అది, కారు కడిగించుకోవడం కాదు.

అరవడం లేదండీ. నా గొంతే అంత. మా ఊరు డాఫిన్‌లో రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాను, పద్దెనిమిదేళ్ళ నుంచీ. ఆ ఇంజను మోతలో మాట్లాడీ మాట్లాడీ గొంతు ఇలా తయారైంది. కూర్చోమంటారా? ఇదిగో, కూర్చున్నాను. టోపీ కూడా తీసేశాను.

పొద్దున ఐదున్నరకి బయల్దేరాం. మూడొందల ఇరవై కిలోమీటర్లు. గాలికి మంచు లేచి, ముందున్న లారీ కనబడితే ఒట్టు. వెనక సీట్లో మా పిల్ల దార్కా, పక్కన మా అమ్మ. మా ఆవిడ లెస్యా రాలేదు. రెండోవాడు పుట్టి పదకొండు రోజులు, పచ్చి బాలింత, ఎలా వస్తుంది? గంటకోసారి ఫోను. "అయిందా? ఏమన్నారు?" ఇప్పుడేమని చెప్పను, మీరే చెప్పండి.

మా దార్కాకి నాలుగేళ్ళు. నోరు మూతపడదు. అలాంటి పిల్ల చెంచా నోటి దాకా తెచ్చి ఆగిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, పిల్ల ఉండదు. నేను లోపల్లోపల లెక్కపెడతాను. పదిహేను దాకా. పదహారుకి వచ్చేస్తుంది, ఆపిన మాట దగ్గర్నుంచే అందుకుంటుంది. డిసెంబర్లో రోజుకి రెండుసార్లు అయ్యేది. ఇప్పుడు ఇరవైసార్లు. మా ఊరి డాక్టరు మొదట పగటికలలన్నాడు. తర్వాత కలల మాట ఎత్తలేదు, ఇక్కడికి కాగితం రాసిచ్చాడు.

పోయిన నెల వస్తే ముక్కు కారుతోందని పంపేశారు. సరే, జలుబుంటే మత్తు ఇవ్వకూడదు, ఒప్పుకున్నాను. కానీ పంపేసే ముందు మీవాళ్ళు ఏం చేశారో తెలుసా? దార్కా బొమ్మ ఎలుగుబంటికి పరీక్ష చేశారు! పిల్లలకి భయం పోవడానికట. దాని చేతికి పేరు పట్టీ కట్టారు, మూతికి మాస్కు తగిలించారు, అసలు మిషనులాగే చేసిన అట్టపెట్టె సొరంగంలోకి తోశారు. ఇవాళ మళ్ళీ మొదట్నుంచీ అదే తతంగం. అంటే ఎలుగుబంటికి రెండుసార్లు తల ఫోటో అయింది, లోపల దూది తప్ప ఏమీ లేదని ఖాయమైంది. మా పిల్ల వంతు మాత్రం రాలేదు.

ఆ నర్సు అమ్మాయి ఉంది చూడండి, చొక్కా నిండా జిరాఫీ బొమ్మలు. పాపం మంచిపిల్లే. "మత్తుగాలి ఏ వాసనది కావాలి తల్లీ, స్ట్రాబెర్రీయా, బబుల్‌గమ్మా?" అని అడిగింది. మాది వేయించిన ఉల్లిపాయ వాసన కావాలంది. లేదట. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఆరు మొహాలున్న అట్ట చూపించి, ఇందులో నువ్వెవరమ్మా అంది. దార్కా అన్నిటికన్నా ఏడుపుగొట్టు మొహం మీద వేలు పెట్టి, "ఇది మా నాన్న" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను మరి!

ఇక మా అమ్మ సంగతంటారా? మీరు పంపిన పద్నాలుగు పేజీల్లో పెద్దక్షరాలతో ఉంది, రాత్రి నుంచీ ఏమీ తినకూడదని. రెండుసార్లు చదివి వినిపించాను. కానీ ఈస్టరు ముందు రోజులండీ ఇవి. ఈ నలభై రోజులూ మా అమ్మ ఉపవాసం, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తప్పలేదు. మాంసం, పాలు, వెన్న, గుడ్డు ముట్టదు. అవి తప్ప? అవి తప్ప అన్నీ! బంగాళదుంప కుడుముల మీద ఉల్లిపాయ వేయించి పోస్తుంది. క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతుంది. గసగసాల రొట్టె చేస్తుంది. చెప్పొద్దూ, మా ఇంట్లో ఉపవాసం రోజుల్లో తిన్నంత మామూలు రోజుల్లో తినం.

కాబట్టి ఆవిడ దృష్టిలో వెన్నా గుడ్డూ లేని రొట్టె అసలు తిండే కాదు. సగం దారిలో సంచీలోంచి తీసి పిల్ల చేతిలో పెట్టబోయింది. బండి రోడ్డు పక్కకి ఆపి లాక్కున్నాను. "దేవుడే పట్టించుకోని రొట్టెని మీ డాక్టరు పట్టించుకుంటాడట్రా ఒరెస్టూ? దేవుడి కంటే పెద్దవాడా ఆయన?" అంది. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్ల చస్తుందమ్మా అని కేకలేశాను. రొట్టె నా కోటు జేబులో వేసుకున్నాను. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఇక్కడికి వచ్చేదాకా సంచీ ఒళ్ళో పట్టుకునే కూర్చుంది.

తర్వాతది మీకు తెలిసిందే. మత్తు డాక్టరు వచ్చాడు. ఊగే పళ్ళున్నాయేమో చూస్తాను, "ఆ" అనమ్మా అన్నాడు. దార్కా "ఆ" అంది. పళ్ళ సందుల్లో నల్లటి గసగసాలు! ఎవరు పెట్టారని అడిగాడు. మా అమ్మ లేచి నిలబడి, "నేనే" అంది. పరీక్ష రద్దు.

ఏం రాస్తున్నారండీ? ఉండండి, తలకిందులుగా ఉన్నా చదవగలను. "నాయనమ్మ సూచనలు పాటించలేదు." సరే. ఆ కింద? "ఈసారి నాయనమ్మను వెంట తీసుకురావద్దు."

అలా రాయకండి.

అబ్బే, మీ రూలుని తప్పుపట్టడం లేదు. ఆ పెన్ను కాస్త కింద పెట్టండి మేడమ్. ఆ రొట్టె పిల్లకి మా అమ్మ పెట్టలేదు.

ఆ వేళకి మా అమ్మ గదిలోనే లేదు, బాత్రూముకి వెళ్ళింది. జిరాఫీల అమ్మాయి కాగితం ఇచ్చింది, సంతకం పెట్టాను. అప్పుడు చెప్పింది. "పాపని మీరే ఒళ్ళో పట్టుకోండి. నిమిషంలో కళ్ళు తేలేస్తుంది, ఒళ్ళు వదిలేస్తుంది, మీరేం భయపడకండి" అంది. భయపడకండట! పిల్ల నా కళ్ళెదుటే లేకుండా పోవడం రోజుకి ఇరవైసార్లు చూస్తున్నానండీ. పదిహేను లెక్కపెట్టి బతుకుతున్నాను. మత్తులో ఎంత దాకా లెక్కపెట్టాలి నేను? లెక్కపెట్టాక ఫోటో వస్తుంది. అందులో ఏదో ఉంటుంది. అది ఇంటికి పట్టుకెళ్ళి పచ్చి బాలింతకి చెప్పాలి. ఫోటో తీయనంతవరకూ మా పిల్లకి ఏమీ లేనట్టే కదా! పగటికలలే కదా!

"నాన్నా, ఆకలి" అంది. పొద్దున్నుంచీ వందసార్లు అంది, వందసార్లూ లేదన్నాను. ఈసారి చెయ్యి జేబులోకి వెళ్ళింది. తెలియక కాదండీ, మరిచిపోయీ కాదు. మీ పద్నాలుగు పేజీలూ నాకు కంఠతా వచ్చు. రొట్టె విరిచి నేనే నోట్లో పెట్టాను. అది నములుతుంటే ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో, సిగ్గు విడిచి చెప్తున్నాను. మూతి తుడిచాను. పళ్ళు తుడవాలని తోచలేదు.

డాక్టరు చూడకపోతే నేనే చెప్పేవాణ్ణి. మాస్కు తెచ్చేలోపు తప్పకుండా చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణనే అనుకుంటున్నాను.

మా అమ్మ వచ్చి పిల్ల మూతి చూసింది, నా మొహం చూసింది. ఉపవాసం రోజుల్లో పక్కింటివాళ్ళ మీద చాడీ కూడా చెప్పని మనిషి, డాక్టరు మొహం మీదే అబద్ధం ఆడేసింది. ఎవరి కోసం? నలభై మూడేళ్ళ కొడుకు కోసం! అదిగో, బయట కూర్చుంది. పిల్ల ఆడుకుంటోంది, ఆవిడ ఏడుస్తూ శిలువ గుర్తు వేసుకుంటోంది.

ఆవిడ పేరు కొట్టేయండి. ఒరెస్ట్ కొస్టిన్యూక్, తండ్రి అని రాయండి. కారణమా? ఏమేం గళ్ళున్నాయి? "సూచనలు అర్థం కాలేదు." శుభ్రంగా అర్థమయ్యాయి. "భాష రాదు." వచ్చు. "వాతావరణం." అదొక్కటి మాత్రం వద్దు మేడమ్, మంచు తోసేవాడి పరువు పోతుంది. పిరికితనానికి గడి లేదా? మరైతే "ఇతరములు" దగ్గర టిక్కు పెట్టండి.

ఏంటి? పరీక్షకి రావాల్సినవాళ్ళెవరో రావడం లేదా? ఫోను చేసి చెప్పారా, ఇప్పుడేనా?

ఆ ఖాళీ మాకా? రేపు పొద్దున ఏడున్నరకా? రేపంటే... రేపేనా? అంత తొందరేముందండీ, పిల్ల కూడా బాగా అలిసిపోయింది, పైగా రాత్రికి ఎక్కడ ఉండాలో కూడా...

లేదు లేదు, రాసెయ్యండి. నన్ను అడక్కండి మేడమ్. రాసెయ్యండి.