థ్రెడ్ పోయిన స్క్రూ

కాలాపేటలో పెయింట్‌బాల్ మైదానంలో పనిచేసే అమ్మాయి నెల్లితోపు లేత్ షాపు బల్ల మీద ఒక తుపాకి పెట్టింది. మేస్త్రీ దాన్ని ముట్టుకోలేదు.

“ఏంది పాపా ఇది?”

“ఆట తుపాకి మామా. రంగు గుండ్లు కొడుతుంది. ఈ స్క్రూ థ్రెడ్ పోయింది, కొత్తది చేసియ్యి. సాయంత్రంలోపల కావాలన్నాడు మేనేజరు.”

“ఈ స్క్రూ దేనికి?”

“గుండు వేగం పెంచేదానికి, తగ్గించేదానికి.”

మేస్త్రీ అప్పుడు వంగి చూశాడు.

“వేగం పెంచేదానికి హద్దు దాటి తిప్పినారు. ఎవురు, నువ్వా?”

“నేను టికెట్లిచ్చేదాన్ని మామా.”

“మరి ఇంత తొందరేంది?”

“నిన్న ఈ తుపాకి గుండు తగిలి ఒక పిల్లకి మాస్కు అద్దం పగిలి కంట్లో గుచ్చుకునింది. మాస్కు పాతదంటాడు మేనేజరు. రేపు పోలీసులొస్తారు.”

“అందుకని నా చేత సాక్ష్యం చెరిపిస్తావా? తీసుకొని పో!”

ఆమె కదల్లేదు.

“నాకూ ఆయన మీద అనుమానమే మామా. పని తెలిసినవాళ్ళు చెప్తే విందామనే తెచ్చినా. నువ్విప్పుడు చెప్పింది పోలీసులకి రాసిస్తావా?”

మేస్త్రీ బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

“నాకు తెలుగు రాయను రాదు, అరవంలో రాస్తా. నీ ఉద్యోగం పోతుందే?”

“పోతుంది మామా. నువ్వు రాయి.”