పెరట్లో తొడిగి చూపించు

అదిగో, మళ్ళీ జారిపోయింది! పట్టుకో, పట్టుకో... పోయింది. చెప్పానా లేదా, డామియన్? నువ్వు డిక్కీ తెరిచి ఆ సంచి బయటికి తీసినప్పుడే చెప్పాను, మంచులో జారకుండా చుట్టే ఆ గొలుసు నీ టైరుకి చాలదని. నా మాట ఎప్పుడు విన్నావు గనక!

లేవకు. బురదలో ఎలాగూ పడుకున్నావు, ఇంకాసేపు పడుకో. చలేస్తోందా? ఈ ఓమియో ఊళ్ళో, నా పెరట్లో, గోడ చాటునే ఇంత చలేస్తుంటే పైన హోథమ్ కొండ మీద ఎలా ఉంటుందో! అక్కడ గాలిలో, వేళ్ళు కొంకర్లు పోతుంటే, వెనకాల బస్సువాడు హారన్ కొట్టి చంపుతుంటే ఇదే పని చెయ్యాలి నువ్వు. పిల్ల బండిలో కూర్చుని చూస్తూ ఉంటుంది. అందుకే అన్నాను, ముందు ఇక్కడ తొడిగి చూపించు, ఆ తర్వాతే హ్యాటీని ఎక్కించుకో అని. తల్లిని, ఆ మాత్రం అడగకూడదా?

ఏంటీ? గొణక్కు, వినపడేలా చెప్పు.

పొద్దున్న హాయిగా వచ్చేశావా? రావూ మరి! పొద్దున్న ఎండ కాసింది, రోడ్డు పొడిగా ఉంది. ఇప్పుడు అటు చూడు. కొండ కనిపిస్తోందా నీకు? మధ్యాహ్నానికే మూసుకుపోయింది. దారిలో డిన్నర్ ప్లెయిన్ ఊరు దాటాక గొలుసులు లేని బండిని పోనివ్వరని రేడియోలో గంట నించీ మొత్తుకుంటున్నారు.

అసలు ఈ సంచి ఎక్కడిదో నేను చెప్పనా? మీ అమ్మ గరాజ్‌లోంచి ఎత్తుకొచ్చావు. మన పెళ్ళయిన కొత్తలో తిరిగామే, చిన్న ఎర్ర కారు, దానిది. ఆ కారు తుక్కయి ఎన్నాళ్ళయింది! ఇవాళ్టిదాకా సంచికి సీలు కూడా ఊడలేదు. ఇందాక పళ్ళతో తెంపావు, వంటింటి కిటికీలోంచి చూశాను.

అంటే ఈ చలికాలమంతా దాన్ని అలాగే డిక్కీలో మోశావన్న మాట. కొండ మీదికి పోయే దారిలో గేటు దగ్గర మనిషి "గొలుసులున్నాయా?" అంటే సంచి ఎత్తి చూపించావు. అతను చెయ్యి ఊపాడు, నువ్వు పోయావు. లోపలున్నది నీ టైరుకి పడుతుందో, మేకకి మెడలో కట్టడానికి పనికొస్తుందో ఎవడికి తెలుసు? కొండ అవతల మీ బ్రైట్ ఊరివాళ్ళంతా ఇంతే. సరే, మా ఓమియో వాళ్ళూ ఇంతేలే. వెంట ఉంచుకోమంది చట్టం, ఉంచుకుంటాం. తాయెత్తు కట్టుకున్నట్టు!

సంచి మీద ఒక నంబరుంది. టైరు పక్కన ఒక నంబరుంది. రెండూ ఒకటేనా కాదా అని చూడ్డానికి ఎంతసేపు పడుతుంది నాయనా? బండి కొనేటప్పుడు రంగు చూసుకున్నావు, సీట్లు వెచ్చబడతాయా అని చూసుకున్నావు. నేలకి తగిలేది ఆ నాలుగు టైర్లేగా, వాటిని చూడవూ?

వాటిని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంతింత చక్రాలు, అంతంత వెడల్పు, రబ్బరు మాత్రం అప్పడంలా పల్చన. పైన పటారం, లోన లొటారం! వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది. సన్నటిదైతే మంచులోకి దిగి నేలని పట్టుకుంటుంది. పైగా ఇది ఎండాకాలం రబ్బరు, చలికి కర్రలా బిగుసుకుపోతుంది. ఇదంతా నాకు నేర్పింది నువ్వే. గుర్తుందా? మే నెల వచ్చి మనకి చలికాలం మొదలవగానే, మంచు పడినా పడకపోయినా, ఆదివారం కాఫీ కూడా తాగకుండా చలికాలం టైర్లు మార్చేసేవాడివి. ఆ మనిషేమయ్యాడో!

నాలుగు చక్రాలూ తిరిగే బండి అంటావా? అను, అను. ఆ మాట ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నా. తిరుగుతాయి, నేను కాదన్నానా? కొండెక్కడానికి తిరుగుతాయి. ఆగాలంటేనో? బ్రేకు నొక్కితే చిన్న కారుకీ నాలుగు చక్రాలే, నీ ఏనుగుకీ నాలుగే. ఏనుగు బరువెక్కువ, ఇంకా దూరం జారుతుంది. రోజూ స్కూలు బస్సు నడిపేదాన్ని, నాకు చెప్పకు.

ఇంకోటి విను. నువ్వు కింద దొర్లుతుంటే నేను నీ బండి పుస్తకం తీసి చదివాను. అవును, నీ బండిలోదే, అడక్కుండానే తీశాను. ఇంత పెద్ద చక్రాలకి అసలు గొలుసే వెయ్యకూడదట. లోపలి వైపు స్ప్రింగు ఉండే కమ్మీకీ టైరుకీ మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు, గొలుసు తిరిగితే బ్రేకు గొట్టాన్ని కోసి పారేస్తుంది. గొలుసు కావాలంటే చిన్న చక్రాలు ఉండాల్సిందే. అంటే నువ్వు సరైన సైజు తెచ్చినా ఇదే గతి! ఏ దుకాణానికి పరిగెత్తినా లాభం లేదు.

ఇప్పుడు లే. లేచి మొహం తుడుచుకో, గడ్డం నిండా బురదే.

ఏమన్నావు?

మెల్లిగా పోతావా? గొలుసుల్లేకుండా... మెల్లిగా? డామియన్, నీకు మతి ఉందా? మెల్లిగా పోతే మంచు జాలిపడుతుందా?

పోయిన నెల మెల్లిగానే పోయావుగా. నాకు తెలీదనుకున్నావు కదూ! హ్యాటీ చెప్పింది. తలంటుతుంటే నురగ ఊదుకుంటూ, "బండి డాన్స్ చేసిందమ్మా, నాన్న నవ్వాడు" అంది. డాన్స్! మంచులో రోడ్డు అంచు తెలియడానికి పాతిన నారింజ రంగు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగిందట. స్తంభానికి అవతల ఎంత లోయ ఉందో నీకు తెలుసు, నాకు తెలుసు. దానికే తెలీదు. నువ్వు నవ్వావు కాబట్టి అదీ నవ్వింది.

భయపడి నవ్వావా? భయపడకూడదని నవ్వావా? ఏదైతేనేం.

చుట్టూ తిరిగి పోతే మాత్రం ఏం లాభం? కిందికి దిగి, మెల్‌బోర్న్ దాకా పోయి, రాత్రికి అక్కడ ఆగి, మళ్ళీ ఎక్కేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది. పుట్టినరోజు బండిలోనే అయిపోతుంది పిల్లకి. నా ట్రక్కు ఉంటే నేనే దింపేదాన్ని. అది మెకానిక్ దగ్గర గేర్లు ఊడదీసుకుని పడుంది.

అటు చూడు. చూడమంటే చూడవేం? కిటికీలో ఉంది. పొద్దున్నించీ ఆ పసుపు కోటు విప్పలేదు. బ్యాగు భుజానికి తగిలించుకునే సాండ్‌విచ్ తింది. పదేళ్ళు నిండుతాయి రేపటికి. మీ అమ్మ పావ్లోవా కేకు చేసిందట, మీ అన్న పిల్లలంతా వచ్చేశారట, మంచులో జారే బల్ల కొన్నావట. వారం నించీ ఇదే పాట ఇంట్లో. ఇప్పుడు ఎవరు చెప్తారు దానికి? నేనా? ఎప్పుడూ నేనేగా! "వద్దు" అనే మనిషిని నేను, బల్లలు కొనే మనిషివి నువ్వు.

ఏంటీ?

ఆహా, వచ్చావా ఆ మాటకి! వస్తావని తెలుసు నాకు.

అవును, అడిగావు. "నా చలికాలం టైర్లు షెడ్డులో ఉన్నాయా" అని అడిగావు. పారేశానని చెప్పాను. అయితే? నువ్వు సామాను వదిలేసిపోతే నేను కాపలా కాయాలా? కొత్తొక వింత, పాతొక రోత అని నువ్వు కొండ దాటి పోయావు. నీ టైర్లకి నేను హారతి పట్టాలా? ఇల్లు వద్దన్నావు, షెడ్డు వద్దన్నావు, కుక్కని కూడా వద్దన్నావు. చక్రాలు మాత్రం గుర్తొచ్చాయి!

చిన్న చక్రాలవి అంటావేంటి, నాకు తెలుసు. నువ్వు ఇక్కడున్నప్పుడు నడిపిన పాత బండీ ఇదీ ఒకే కంపెనీ, బోల్టులు ఒకటే, అదీ తెలుసు. పారేశానన్నాను కదా, కొత్తవి కొనుక్కోవాల్సింది. కొనలేదు. చలికాలం సగం అయిపోయింది, ఇంకా కొనలేదు. నా మీదికి నెట్టకు!

ఎక్కడికి? ఇంట్లోకి ఎందుకు?

ఆగు. చెప్పేస్తావా? ఏమని?

నీ తప్పేనని? నువ్వు సరైన టైర్లు తెచ్చుకోలేదు కాబట్టి తీసుకెళ్ళలేనని, అమ్మ ఏమీ అనలేదని... అలా చెప్తావా?

వద్దు. డామియన్, ఆగమన్నానా! ఆ తలుపు తియ్యకు. ఒక్క నిమిషం. ఇలా రా, అది వినకుండా.

పారెయ్యలేదు.

టైర్లు. పారెయ్యలేదు నేను. షెడ్డులోనే ఉన్నాయి, గుర్రం కంబళి కింద. నాలుగూ ఉన్నాయి. వాటి గొలుసులు నువ్వు తగిలించిన మేకుకే వేలాడుతున్నాయి, నూనె రాసి.

అలా చూడకు. చెప్పనీ.

ఆ రోజు నీ మెసేజ్ వచ్చింది. నువ్వు వెళ్ళాక అదే మొదటిది. చేతిలో పని వదిలేసి తెరిచాను, తెలుసా? ఎలా ఉన్నావని ఒక్క ముక్క లేదు. టైర్లున్నాయా అని ఉంది. అంతే! ఇన్నేళ్ళ కాపురంలో నీకు కావలసింది నాలుగు రబ్బరు చక్రాలు. నాకు ఒళ్ళు తెలీలేదు. పారేశానని కొట్టాను. కొట్టాక నవ్వుకున్నాను కూడా. బాగా అయిందనుకున్నాను. నీకు ఇబ్బంది అవుతుందనే అనుకున్నాను గానీ, ఆ బండిలో పిల్ల కూడా ఎక్కుతుందని... ఆ బుద్ధి ఆ పూట లేదు నాకు.

సరే, ఆ పూట లేదు. తర్వాత? హ్యాటీ డాన్స్ అని చెప్పిన రోజు దాన్ని పడుకోబెట్టి షెడ్డులోకి పోయాను. కంబళి తీసి వాటి పక్కన కూర్చున్నాను. ఫోను చేతిలోనే ఉంది. "ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళు" అని కొడితే చాలు. కొట్టలేదు, డామియన్. కొడితే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. నీ ముందు! చచ్చినా ఒప్పుకోను అనుకున్నాను. కంబళి కప్పేసి వచ్చేశాను. ఆ తర్వాత కూడా నీ బండి ఎక్కించి చెయ్యి ఊపాను దానికి.

బెత్తెడు. ఆ బెత్తెడు లేకపోతే చచ్చేది నేను కాదు.

ఇందాకటి నించీ నిన్ను బురదలో దొర్లించి, పుస్తకం చదివి వినిపించి... మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందంటారే, అది నేనే. మొగుడివి కూడా కాదు నువ్వు ఇప్పుడు.

తిట్టు. ఇంతసేపూ నేనే వాగాను, ఇప్పుడు నీ వంతు. అరువు, గట్టిగా అరువు, ఊరంతా వినపడనీ, నాకేం ఫర్వాలేదు. ఏదో ఒకటి అను!

అనవు. నువ్వెప్పుడూ ఇంతే, చేతులు తుడుచుకుని షెడ్డు వైపు నడుస్తావు.

సరే. జాకీ తియ్యి. చీకటి పడేలోపు అయిపోవాలి. చక్రాలు నాలుగూ నేనే దొర్లించుకొస్తాను, నువ్వు ముట్టుకోకు.

బోల్టులు మాత్రం గట్టిగా బిగించు.