ఎక్కిళ్ళ సాక్ష్యం

సాయంత్రం. చిన్న కుట్టు దుకాణం. మిషన్ ముందు తల్లి. చట్టసభ నుంచి నేరుగా అక్కడికే వచ్చిన కూతురు.

“నవ్వకమ్మా. నవ్వితే చెప్పను.”

“నవ్వట్లేదే. నోట్లో గుండుసూదులున్నాయి. చెప్పు. ఎక్కిళ్ళొచ్చాయి. తర్వాత?”

“మొదట్నుంచీ వినాలి మరి. డబ్బుల్లేని కాలేజీ పిల్లలకి కూడా తిండి సరుకులు కొనుక్కునే ఆహార కార్డులివ్వాలని సభలో కొత్త బిల్లు పెట్టారు. ఆకలి గురించి సభ్యుల ముందు సాక్ష్యం చెప్పమని పోయిన వారం మా కాలేజీవాళ్ళు నన్ను పంపారు. వెళ్ళేసరికి పక్కగదిలో సాక్షులకని భోజనం పెట్టారు.”

“తిన్నావా?”

“తినడమా! బల్ల ఊడ్చేశా. కేకు ముక్కలు బ్యాగులో కూడా వేసుకున్నా.”

“ఓసి నీ...”

“లోపలికెళ్ళి మైకు ముందు కూర్చున్నా. ‘గౌరవ సభ్యులారా, మేం ఆకలితో’ అన్నానో లేదో, ఇక్కుమంది. మైకులో! హాలంతా మోగింది. ‘ఆకలితో... ఇక్... అలమటిస్తూ... ఇక్...’ ”

“అయ్యో! నీళ్ళు తాగలేకపోయావా?”

“తాగా. ఇంకా ఎక్కువయ్యాయి. సభ్యుల్లో ఒక పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, ‘ఈ అమ్మాయిని చూస్తే తిండికి లోటున్నట్టు లేదే’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వు.”

“పోయిన వారం జరిగింది ఇవాళా చెప్పడం?”

“ఇవాళ్టి ఓటింగ్‌లో బిల్లు నెగ్గితే చెబుదామని ఆగా. ఓడిపోయుంటే ఆ ఎక్కిళ్ళ సంగతి నాతోనే పోయేది.”

“సరేగానీ, ఆ కార్డులు ఇప్పుడు ఇవ్వట్లేదా?”

“డబ్బుల్లేనివాళ్ళందరికీ ఇస్తారు. కాలేజీవాళ్ళకి మాత్రం వారానికి ఇరవై గంటలు ఉద్యోగం చేస్తేనే. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ల్యాబులో నిలబడేవాళ్ళు ఉద్యోగం ఎప్పుడు చేస్తారు, నిద్రలోనా?”

“ఆగాగు. నిన్నే ఎందుకు పంపారు? కాలేజీలో ఇంకెవరూ లేరా?”

“బాగా మాట్లాడతానని.”

“ఏమే.”

“నిజమమ్మా, బాగా...”

“ఏమే, నా మొహం చూసి చెప్పు.”

“...సరే. ఎక్కడ మీటింగ్ జరిగితే అక్కడుంటానని పంపారు. బిస్కెట్లు పెడతారుగా. పక్షుల సంఘంలో సభ్యురాల్ని నేను. కాకి తప్ప ఇంకోటి గుర్తుపట్టలేను. రిటైరయ్యే మేష్టార్ల సన్మానాలకి ముందు వరసలో నేనే. ఒకాయన నా చప్పట్లు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం. ఆయన ఏం పాఠం చెప్పేవాడో కూడా నాకు తెలీదు.”

“ఇంకా ఎక్కడెక్కడికెళ్ళావు?”

“రక్తం ఇస్తే జ్యూస్ ఇస్తారని అక్కడికీ వెళ్ళా. పరీక్ష చేసి, ముందు నీకే ఎవరైనా ఇవ్వాలమ్మా, వెళ్ళు అన్నారు. జ్యూస్ కూడా ఇవ్వలేదు! అమ్మా? మిషన్ ఆపావేం?”

“దారం తెగింది.”

“తెగలేదు.”

“తెగిందంటున్నానా. ఫోన్ చేసినప్పుడల్లా తిన్నానమ్మా, తిన్నానమ్మా అనేదానివి.”

“తిన్నాననే అన్నా. ఏం తిన్నానో నువ్వడగలేదు.”

“అడిగా.”

“అడిగితే సిగ్నల్ పోయేది.”

“నేనూ మా అమ్మకి ఇలాగే చెప్పేదాన్ని. హాస్టల్ నుంచి.”

“నువ్వా? నువ్వు లెక్కలు రాక డిగ్రీ మానేశానన్నావుగా?”

“లెక్కలు బాగానే వచ్చేవి. మూడు పూటలా తిండే వచ్చేది కాదు. పరీక్ష హాల్లో కళ్ళు తిరిగి పడ్డాను. అదంతా ఇప్పుడెందుకులే. ఆ కత్తెర ఇటివ్వు.”

“అమ్మా...”

“ఇవ్వమన్నానా. ఆ పెద్దమనిషికి ఏం చెప్పావు?”

“రాసుకెళ్ళిందంతా మర్చిపోయా. నోటికొచ్చిందే అనేశా. ‘అయ్యా, ఇవాళ మీరు పెట్టారు కాబట్టి తిన్నా. రేపు ఎవరు పెడతారో తెలీదు కాబట్టి రేపటిది కూడా ఇవాళే తిన్నా. అందుకే ఈ ఎక్కిళ్ళు’ అని.”

“అమ్మో. అంతమందిలోనా?”

“నవ్వు ఆగిపోయిందమ్మా. ఆయన లేచొచ్చి, ఇంకో గ్లాసు నీళ్ళు నా ముందు పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. ఇవాళ ఓటింగ్‌లో ముందు ఆయనే చెయ్యెత్తాడు.”

“మరి నెగ్గిందిగా! పెళ్ళివారి సామాను దొంగలెత్తుకెళ్ళినట్టు ఆ మొహమేంటి?”

“వచ్చే విద్యా సంవత్సరం నుంచి అమలు.”

“అప్పటికి నీ చదువు...”

“అయిపోతుంది. బస్సు దిగాక టికెట్ దొరికినట్టుంది నా పని. అంతమందిలో పరువు తీసుకుని సాధిస్తే నాకొచ్చింది ఎక్కిళ్ళు. పోనీలే. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళైనా కడుపునిండా తింటారు.”

“ముక్కూమొహం తెలీనివాళ్ళేం కాదులే.”

“అంటే?”

“ఆ చట్టంలో పిల్లలకని రాశారా, చదువుకునేవాళ్ళకని రాశారా?”

“చదువుకునేవాళ్ళకనే. ఏం?”

“వయసు?”

“వయసు గురించేం లేదు. ఎందుకడుగుతున్నావు?”

“ఏం లేదు. ఫీజు మాఫీ చేస్తామన్నారు. దుకాణం సగం పూట మూసేస్తే తిండి సంగతేంటా అనే ఇన్నాళ్ళూ వెనకాడాను. ఇవాళ్టితో ఆ బెంగ తీరింది.”

“ఎవరి ఫీజు? అమ్మా, ఎవరు చేరుతున్నారు?”

“నేనే. మీ కాలేజీలోనే. నువ్వు బయటికొచ్చిన ఏడాదే నేను లోపలికి.”